మావయ్య రక్తంలో మూడు నెలలు

మా మావయ్యగారు, అంటే మా అమ్మ తమ్ముడు, షుగరు టెస్టుకి పదో తరగతి పిల్లాడిలా తయారయ్యేవారు. రెండు రోజుల ముందు నుంచే తీపి బందు. మొదటి రాత్రి చపాతీ, రెండో రాత్రి ఒట్టి మజ్జిగ. మూడో రోజు పొద్దున్నే గంజి పెట్టిన తెల్ల పంచె కట్టుకుని, ముమ్మిడివరంలో మొదటి బస్సెక్కి అమలాపురం వచ్చేవారు. అక్కడ నేను పనిచేసే ల్యాబులో నా ముందు కూర్చుని చెయ్యి చాపేవారు. రిపోర్టు బాగానే వచ్చేది. రాక ఏం చేస్తుంది? దాన్ని మడిచి జేబులో పెట్టుకుని టీకొట్టు దగ్గర అందరికీ చూపించేవారు.

మిగతా రోజుల సంగతి నాకు తెలుసు. ఆయనకి రెండు రొయ్యల చెరువులున్నాయి. చెరువులో వెయ్యడానికి తవుడూ బెల్లమూ కలిపి డ్రమ్ములో పులియబెడతారు. ఆ బెల్లం కొట్టేది ఆయనే. కొడుతూ కొడుతూ ఓ ముక్క నోట్లో వేసుకునేవారు. నేను గుడ్లురిమితే నవ్వేవారు.

"బెల్లం వేరు, షుగరు వేరమ్మా."

"డాక్టరుగారితో చెప్పమంటారా?"

"చెప్పుకో. రిపోర్టు నువ్విచ్చిందే కదా!"

ఆ రిపోర్టు ఆ పూట సంగతే చెబుతుందని నాకు తెలుసు. నేను చదువుకున్నదే అది. రక్తంలో ఎక్కువైన చక్కెర ఊరికే తిరగదు. ఎర్రకణం పైపొరలోని ప్రొటీన్లకి అతుక్కుంటుంది, ఆ పొరలోని కొవ్వునీ పాడుచేస్తుంది. తనకంటే సన్నటి నాళంలోంచి దూరాలంటే కణం మెత్తటి గుడ్డలా మడతపడాలి. చక్కెర పట్టిన పొర గంజి పెట్టిన పంచెలా బిరుసెక్కుతుంది. కాలివేళ్ళ చివరికి నెత్తురు సరిగ్గా అందదు, అక్కడి నరాలు మొద్దుబారతాయి. కణం లోపలి హిమోగ్లోబిన్‌కి కూడా చక్కెర అంటుకుంటుంది. కణం బతికే మూడు నాలుగు నెలలూ దాన్ని మోసుకునే తిరుగుతుంది. రెండు రోజులు మజ్జిగ తాగితే వదిలిపోయేది కాదు. దాన్ని కొలిచేదే మూడు నెలల పరీక్ష. డాక్టరుగారు రెండుసార్లు రాశారు కూడా. "ఇది బాగానే ఉంది కదా, మళ్ళీ అదెందుకూ" అని మావయ్య కొట్టిపారేశారు.

ఒకసారి ఆయనకి జ్వరం వచ్చి రక్తకణాల పరీక్ష రాశారు. చేశాక ట్యూబులో ఇంకా రక్తం మిగిలింది. ఎవరినీ అడగకుండా దానికి మూడు నెలల పరీక్ష కూడా చేశాను. పదకొండు దాటింది. ఆరున్నర దాటితేనే షుగరున్నట్టు లెక్క.

ఆ కాగితం పట్టుకుని బయటికి వచ్చాను. మావయ్య బల్ల మీద కూర్చుని పక్కాయనతో నా గురించే చెబుతున్నారు.

"మా మేనకోడలండీ. దీని చేతి రిపోర్టంటే తిరుగుండదండీ. ఆయ్."

నేను లోపలికి వెళ్ళి కాగితం సొరుగులో పడేశాను. అడగని పరీక్ష చేశానని కోప్పడతారేమో అని నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. నలుగురిలో ఆ పొగడ్త నాకు బాగుంది. దాన్ని చెడగొట్టుకోవడం ఇష్టం లేకపోయింది. వచ్చేసారి చెబుదాంలే అనుకున్నాను. వచ్చేసారి మళ్ళీ తెల్ల పంచెతో వచ్చారు, మళ్ళీ మంచి రిపోర్టు పట్టుకెళ్ళారు. అలా రెండేళ్ళు గడిచాయి.

పోయిన వేసవిలో చెరువులో వల లాగుతుంటే ఆయన అరికాలికి నత్తగుల్ల కోసుకుంది. ఆయనకి తెలియలేదు. గట్టు మీద ఉత్తకాళ్ళతో నాలుగు రోజులు తిరిగారు. వాసన వస్తోందని అత్తయ్య కాలెత్తి చూస్తే వేళ్ళు నల్లబడి ఉన్నాయి. కాకినాడ తీసుకెళ్తే మోకాలి కింద వరకూ తీసేశారు.

ఇంటికొచ్చాక చూడటానికి వచ్చిన వాళ్ళందరితో ఒకటే మాట. "మా అమ్మాయి రిపోర్టులో ఎప్పుడూ తేడా రాలేదండీ. నా ఖర్మండీ." పక్కన నిలబడి ఆ మాట వింటుంటే నా మీద నాకే అసహ్యం వేసేది. ఓ మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు మంచం పక్కన కూర్చుని, జ్వరం నాటి ట్యూబు సంగతి, పదకొండు సంగతి, సొరుగు సంగతి అంతా చెప్పేశాను.

ఆయన దుప్పటి కింద కాలు లేని చోట చేత్తో తడుముకున్నారు.

"అప్పుడే చెప్పుంటే మానేసేవోణ్ణి కదమ్మా," అన్నారు.

మానేసేవారో లేదో నాకు తెలియదు. ఆ సంగతి తేల్చుకునే అవకాశం ఆయనకి నేనివ్వలేదు.