నడుముకి వేలాడిన మిలిటరీ రివాల్వర్

ఆ రోజుల్లో నేను ధైర్యవంతురాలినని అందరూ అనుకునేవారు. నిజానికి ఇరవై ఆరేళ్ళ వయసులో నాకు అన్నిటికీ భయమే. అది పైకి కనపడకుండా నడవడం మాత్రం బాగా వచ్చు. కడపలో జియాలజీ చదివి, కెనడాలో ఇంకో డిగ్రీ చేసి, బ్రిటిష్ కొలంబియా ఉత్తరాన కొండల్లో ఖనిజాలు వెతికే కంపెనీలో తొలి ఉద్యోగం సంపాదించాను. పొద్దున్నే హెలికాప్టర్ మమ్మల్ని ఇద్దరిద్దరిగా కొండ మీద దింపేది, సాయంత్రం వచ్చి క్యాంపుకి ఎక్కించుకెళ్ళేది. మధ్యలో మేమూ, రాళ్ళూ, ఎలుగుబంట్లూ. నాకు జతపడ్డాయన విజయనగరం మనిషి, అరవై దాటినాయన. ఒకప్పుడు కాలేజీలో పాఠాలు చెప్పారు గనక నేను మాస్టారూ అని పిలిచేదాన్ని (అదే ఆయన పేరనుకుని క్యాంపంతా ‘మస్టారు’ అనేది).

ఎలుగుల నుంచి కాపాడుకోవడానికి జతకొక తుపాకి ఇచ్చేవారు. మా వంతుకి వచ్చింది ఏ సైన్యమో వాడి వాడి అమ్మేసిన పాత రివాల్వర్. “సుద్దముక్క పట్టిన చెయ్యమ్మా ఇది, నాకొద్దు” అన్నారు మాస్టారు. దాంతో నేనే లైసెన్స్ పరీక్ష రాసి, అడవుల్లో పనిచేసేవాళ్ళకిచ్చే పర్మిట్ తెచ్చుకుని, దాన్ని నడుముకి కట్టుకున్నాను. కిలోకి పైనే బరువు. అడుగడుక్కీ తొడకి కొట్టుకునేది, ప్యాంటుని కిందికి లాగేది. అయినా దానితో దిగిన ఫొటో గొప్పగా అమ్మకి పంపించాను. “పెళ్ళిచూపులోళ్ళకి మాత్రం ఇది చూపించొద్దు పాపా” అంది అమ్మ.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం. కొండవాలున పళ్ళ పొదల పక్కన కూర్చుని మాస్టారు చేసిన నిమ్మకాయ పులిహోర తింటున్నాం. ముప్ఫై అడుగుల దూరంలో పొదలు కదిలి, ఎలుగుబంటి లేచి రెండు కాళ్ళ మీద నిలబడింది.

“పరిగెత్తకమ్మాయ్” అన్నారు మాస్టారు, మెల్లగా. నా చెయ్యి చటుక్కున నడుముకి పోయింది. తీసి గురిపెట్టాను. ఆయన మాత్రం నిదానంగా లేచి, ఆఖరి బెంచీ కుర్రాళ్ళకి నచ్చజెప్పే గొంతుతో ఎలుగుతో మాట్లాడ్డం మొదలుపెట్టారు. “చూడమ్మా, నీ పళ్ళు మాకొద్దు. మేం రాళ్ళేరుకునేవాళ్ళం. ఇదిగో, వెళ్ళిపోతున్నాం.” అంటూనే నా చొక్కా పట్టుకుని ఒక్కో అడుగే వెనక్కి లాక్కెళ్ళారు. ఎలుగు మమ్మల్ని కాసేపు వాసన చూసి, విసుగ్గా బుస్సుమని, మళ్ళీ పళ్ళ మీద పడింది.

కొండ మలుపు దాటాక ఆగాం. “ఇంక చెయ్యి దించమ్మా” అన్నారు మాస్టారు. చూసుకుంటే నా చేతిలో ఉన్నది నడుముకి రెండో పక్క వేలాడే, రాళ్ళు పగలగొట్టే సుత్తి! రివాల్వర్ తోలు ఒరలో, బొత్తం కూడా ఊడకుండా, హాయిగా పడుకుని ఉంది.

ఏడుపొచ్చేసింది. “క్యాంపులో చెప్పకండి మాస్టారూ, నన్ను తీసేస్తారు.”

ఆయన నవ్వలేదు. “అరవయ్యేళ్ళ ముసలాణ్ణి వదిలేసి పరిగెత్తొచ్చు. నువ్వు కదల్లేదు. నేను చూసింది అదే” అన్నారు. సాయంత్రం క్యాంపు మేనేజర్ ఏం జరిగిందని అడిగితే కూడా ఇంగ్లీషులో అదే చెప్పారు, ఒక్క ముక్క ఎక్కువా తక్కువా లేకుండా. ఆ తర్వాత మిగిలిన సీజనంతా నేను పొద్దున్నే అందరికంటే ముందు హెలికాప్టర్ దగ్గర నిలబడేదాన్ని, ఆయనతో వెళ్ళే జత ఇంకెవరికీ పడకూడదని.

ఇప్పుడు సర్రీ సిటీలో ఉంటున్నాను. ఆఫీసుకి డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళి, పొద్దస్తమానం స్క్రీన్ మీద అవే కొండల మ్యాపులు చూస్తాను. ఈ కథ చెబితే మా అమ్మాయి “రియల్లీ అమ్మా? యూ?” అని నా చీపురుపుల్ల చేతులకేసి చూస్తుంది. మాస్టారు పోయి చాలా ఏళ్ళయింది. ఒక్క మధ్యాహ్నం, ఒకే ఒక్కటి, ఆ వాలు మీద ఆయన పక్కన కూర్చుంటే చాలుననిపిస్తుంది. అప్పట్లో రివాల్వర్ కట్టుకు తిరిగిన ఆ ఇరవై ఆరేళ్ళ పిల్ల ప్రతి వారం మేనేజర్ దగ్గరికెళ్ళి, సిటీలో ఆఫీసు పని ఎప్పుడిస్తారని అడిగేది. పిచ్చిది, అడిగినదే దొరికింది.