జేజికి ఎంతమంది బిడ్డలు

మా బడిలో ఉదయం ప్రార్థనకు మైకు పెట్టగానే అది ఒకసారి కీచుమంటుంది. పిల్లలు చెవులు మూసుకుని నవ్వుతారు. నాకు మాత్రం ఆ చప్పుడు వింటే గిద్దలూరు దగ్గరి మా ఊరి చర్చి గుర్తుకొస్తుంది. చర్చి ముందు నీలం ప్లాస్టిక్ పట్టా పందిరి, నా చేతిలో రెండు కాగితాలు. ఆ రోజు మా జేజి జ్ఞాపకార్థ కూడిక. నాయనమ్మను మా వైపు జేజి అంటాం. ఆ కూడికలో చనిపోయిన మనిషి జీవితాన్ని ఇంట్లోవాళ్లు ఎవరైనా రాసి చదువుతారు. మార్కాపురంలో తెలుగు చెప్పే మాస్టరును కాబట్టి ఆ పని నాకు అప్పగించారు. నేను చదివాను. చదివినదాంట్లో ఒక మనిషిని లేకుండా చేశాను. ఆ మనిషి నాకు పది అడుగుల దూరంలో, ఆడవాళ్ల చాప మీద కూర్చుని వింటోంది.

ముందు జేజి సంగతి చెప్పాలి. ఆమె పేరు మార్తమ్మ. పొట్టిగా, సన్నగా ఉండేది. భూములున్న కాపులు పిలిస్తే కూలికి, పిలవకపోతే కట్టెలకు పోయేది. చదువు రాదు. తెలియనిది అడగడానికి సిగ్గు కూడా రాదు. కొమరోలు బస్సెక్కితే కండక్టరు టికెట్ కొట్టేలోపే అతనిది ఏ ఊరో, ఆ ఊళ్లో బోరు ఎన్ని అడుగులకు పడిందో, ఆ నీళ్లకు కందిపప్పు ఉడుకుతుందో లేదో కనుక్కునేది. మా వైపు ఊళ్లను ఆమె నీళ్లతోనే గుర్తుపెట్టుకుంది. ఒకసారి ఒక కండక్టరు, "యాడ ఉడుకుతాది జేజీ, మా ఇంట్లో ఆమె రోజూ తిడతాది" అన్నాడు. "తిట్టేది నిన్నా, పప్పునా?" అంది జేజి. బస్సంతా నవ్వింది. ఆ కండక్టరు ఆ తర్వాత చాలా ఏళ్లు మా ఊరి దగ్గర బస్సు ఆపి, ఆమె ఎక్కేదాకా ఓపిగ్గా చూసేవాడు.

చర్చిలోనూ ఆమె అంతే. కొత్తగా వచ్చిన పాస్టరు గారు ఒక ఆదివారం ప్రసంగంలో, తాను అంతకుముందు పనిచేసిన ఊళ్లో ఒక ముసలామె ఉన్న ఒక్క కోడినీ దేవుని పనికి ఇచ్చేసిందని చెప్పారు. చాలామంది కళ్లు తుడుచుకున్నారు. ఆరాధన అయ్యాక జేజి తలుపు దగ్గర ఆయన్ను ఆపింది.

"అయ్యగారూ, కోడినిచ్చినాక ఆమె ఏం తినింది?"

"అది నాకు తెలీదమ్మా."

"తెలీకుండానే వచ్చేస్తిరా? వచ్చే ఆదివారానికి కనుక్కోని చెప్పండి."

ఆయన మంచివాడు. నిజంగానే ఫోన్ చేసి కనుక్కున్నారు. మరుసటి ఆదివారం ప్రకటనల్లో, ఆ ముసలామె బాగానే ఉందనీ, ఇప్పుడు మూడు కోళ్లు ఉన్నాయనీ చెప్పారు. జేజి తల ఊపి, పక్కనున్న ఆమెతో, "ఇప్పుడు నిండింది కథ" అంది. భక్తి అంటే ఆమెకు పాడటం, ప్రార్థించడం ఒక్కటే కాదని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. ఎవరి గురించైనా విన్నాక, వాళ్లకు తర్వాత ఏమైందో తెలుసుకోకుండా ఉండలేకపోవడం కూడా ఆమె భక్తిలో భాగమే.

ఆ జేజి పక్కన చాప మీద ప్రతి ఆదివారం కూర్చునే మనిషి సుబ్బులత్త. ఒక కరువు సంవత్సరం జేజి వాళ్లు గుంటూరు వైపు మిరపకాయల కోతలకు వలస పోయి, వస్తూ వస్తూ ఈమెను తీసుకొచ్చారని మాత్రం నాకు తెలుసు. ఎవరి బిడ్డ, ఎందుకు తెచ్చారు అని నేనెప్పుడూ అడగలేదు. మా నాయన ఆమెను అక్కా అనేవాడు. నాకు అత్త. అంతే. ఆమె పక్క ఊరి హిందువుల ఇంటికి కోడలుగా పోయింది, బొట్టు పెట్టుకునేది, ఆదివారం మాత్రం జేజి పక్కన ఉండేది. నేను హైస్కూల్లో ఉండగా బయటి ఊరి నుంచి వచ్చిన ఒక పెద్దాయన మా ఇంట్లో భోంచేస్తూ ఆమె బొట్టు చూసి జేజిని అడిగాడు.

"ఈ బిడ్డకు బాప్తిస్మం ఎందుకు ఇప్పించలేదమ్మా?"

"ఆ పిల్ల అడగలేదయ్యా."

"మీరు చెప్పాల గదా."

"చెప్పినాను, వినింది. అడిగిననాడు నేనే చెయ్యి పట్టుకోని తీసుకొస్తా. ఆకలి కాకముందే ముద్ద కుక్కేదానికి చంటిపిల్లా?"

"కనీసం పేరైనా మార్చాల్సింది."

"వాళ్లమ్మ పెట్టిన పేరయ్యా. ఆ తల్లి ఎట్లాగూ పోయింది. పేరన్నా ఉండనీయండి."

వంటింట్లోంచి సుబ్బులత్త గొంతు వినిపించింది. "చారు పోసుకోమనుమ్మా, చల్లారిపోతాది. నా సంగతి యాడికీ పోదులే."

జేజి మంచాన పడ్డ రెండేళ్లూ సుబ్బులత్త వచ్చి ఆమెకు నీళ్లు పోసింది, తల దువ్వింది, పక్క బట్టలు ఉతికింది. నేను నెలకోసారి అరటిపళ్లు తీసుకుని వెళ్లి, ఒక గంట కూర్చుని, అందులో సగం సేపు ఫోన్ చూసుకుని వచ్చేవాణ్ణి.

కూడికకు రాయడానికి కూర్చున్నప్పుడు నేను ఎవరినీ ఏమీ అడగలేదు. పాస్టరు గారి దగ్గర సంఘ పుస్తకం తీసుకున్నాను. అందులో బాప్తిస్మం పొందినవాళ్ల పట్టికలో జేజి బిడ్డలు నలుగురు ఉన్నారు. దావీదు పెదనాయన, మా నాయన, ఇద్దరు మేనత్తలు. నాలుగు పేర్లూ రాసుకున్నాక నా కలం ఆగింది. సుబ్బులత్త గుర్తుకొచ్చింది. ఆమెను రాస్తే ఆమె ఎవరో చెప్పాలి, బొట్టు సంగతి, పేరు సంగతి వస్తాయి. గిద్దలూరు నుంచి పెద్ద పాస్టర్లు వస్తున్నారు, మా బడి నుంచి తోటి మాస్టర్లు వస్తున్నారు. "నలుగురు బిడ్డలను ప్రభువు భయంలో పెంచిన తల్లి" అన్న వాక్యం అప్పటికే తయారైపోయింది. అది నాకు చాలా నచ్చింది. ఆ వాక్యం చెడిపోకూడదని మనిషిని వదిలేశాను.

చదువుతుంటే పేర్ల దగ్గర చాప మీది ఆడవాళ్ల తలలన్నీ ఒకవైపు తిరిగాయి. సుబ్బులత్త కొంగు తల మీదికి లాక్కుని నేల చూసింది. చదవడం అయిపోయేసరికి ఆమె అక్కడ లేదు. వెనక వంటల దగ్గర గరిటె పట్టుకుని ఉంది. భోజనాలయ్యాక చేతులు కడుక్కుంటున్న నా పక్కకు మా నాయన వచ్చాడు.

"బాగానే చదివినావు. చేతికుండే అయిదో ఏలు యాడ పోగొట్టుకుంటివిరా?"

"మర్చిపోయినా నాయనా."

మా నాయన నా ముఖం చూసి, చెంబు నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. మొదటిది తప్పయితే ఇది అబద్ధం. అప్పటినుంచీ ఎవరడిగినా అదే మాట చెప్పాను. మర్చిపోవడాన్ని అందరూ క్షమిస్తారు, అందుకని.

నాలుగు రోజులు బడిలో పాఠం చెప్పలేకపోయాను. శనివారం సగం పూట సెలవు పెట్టి సుబ్బులత్త ఊరికి బస్సెక్కాను. ఆమె ఇంటి ముందు కందికాయలు కొట్టి, చేటతో చెరుగుతోంది. నన్ను చూసి లేవలేదు, కానీ కాలితో పీట ముందుకు తోసింది.

"అత్తా, ఆ రోజు నీ పేరు మర్చిపోయినా."

"మర్చిపోయేదానికి నేనేమన్నా గొడుగునా?"

చేట ఆడుతూనే ఉంది. పొట్టు నా మీదికి వస్తోంది. ఆమె ముందు ఆ అబద్ధం ఇంకోసారి చెప్పలేకపోయాను.

"మర్చిపోలేదు అత్తా. గుర్తుకొచ్చినావు. నేనే రాయలేదు."

చేట ఆగింది.

"గుర్తుకొచ్చినాకనే తీసేసినావా?"

"అవును."

ఆమె చేటలోంచి ఒక రాయి ఏరి పారేసింది. తర్వాత, "అట్లయితే మేలే" అంది. "ఆ ఇంట్లో నేను మర్చిపోయేటట్టు బతికినానా అని నాలుగు దినాలు ఏడ్చినా. తీసేసినావంటే అది నీ తప్పు, నాది కాదు." చేట మళ్లీ ఆడించింది. "తప్పు చేసినావు లే. తిన్నావా?"

అన్నం పెట్టింది. తింటూ, నలభై ఏళ్ల వయసులో, మొదటిసారి అడిగాను. "జేజి నిన్ను ఎట్ల తీసుకొచ్చింది అత్తా?"

ఆమె చెప్పింది. కన్నవాళ్లది యర్రగొండపాలెం వైపు ఊరు. వాళ్లమ్మ, జేజి మిరప తోటలో పక్కపక్క సాళ్లలో కాయలు కోసేవాళ్లు. ఊరు కాని ఊళ్లో ఆ తల్లికి జ్వరం వచ్చింది. మూడో రోజుకు పోయింది. తండ్రి ఎప్పుడో వదిలేసి పోయాడు. కోతలు అయిపోయాక జేజి ఆ పిల్లను ఎత్తుకుని, సొంత ఊరికి రాకుండా ముందు వాళ్ల ఊరికి పోయి ఇంటింటికీ తిరిగింది. మేనమామ వాకిట్లోకి కూడా రానివ్వలేదు. చివరికి జేజి తన ఇంటికొస్తే మా తాత గడప దగ్గరే నిలబడి, "ఉన్నోళ్లకే సంగటి చాలట్లేదు, ఈ పిల్ల యాడిదే?" అన్నాడట.

"మా అమ్మ ఏమనింది తెల్సా?" సుబ్బులత్త నవ్వింది. అమ్మ అంటే ఆమెకు జేజే. "సంగటి చాలకపోతే ఇంకో చెంబు నీళ్లు పొయ్యి, అందరం గంజి తాగుదాం. ముందు పక్కకు జరుగు, పిల్ల కాళ్లు కాలుతాన్నాయి అనింది. ఎండ కదా. నాకు చెప్పుల్లేవు. అంతే, లోపలికొచ్చేసినాం."

ఇంత పెద్ద సంగతి ఇన్నేళ్లు ఒక బస్సు దూరంలో ఉంది. నేను జేజి గురించి రెండు కాగితాల నిండా గొప్ప మాటలు రాశాను. అందులో ఇది లేదు. ఆ గడప ముందు నిలబడ్డ ఆ పూటను మించి ఆమె జీవితంలో ఏముందని రాశాను?

"చర్చిలో మళ్లీ చదువుతా అత్తా. నీ పేరు పెట్టి."

"నా కోసరం వద్దు" అంది. "మా అమ్మ సంగతి తప్పు చదివినావు. అది సరిచెయ్. మర్చిపోయినా అని మాత్రం చెప్పొద్దు."

పాస్టరు గారు కొంచెం వెనకాడారు. "పుస్తకంలో లేదు కదా సార్" అన్నారు. "పుస్తకంలో ఉండేవి బాప్తిస్మాలు అయ్యగారూ. నేను చెప్పేది బిడ్డల సంగతి" అన్నాను. ఆయన ప్రకటనల తర్వాత అయిదు నిమిషాలు ఇచ్చారు.

ఆ ఆదివారం పెద్ద పాస్టర్లు లేరు, తోటి మాస్టర్లు లేరు. ఊరివాళ్లే ఉన్నారు. "పోయినసారి నేను మా సుబ్బులత్త పేరు చదవలేదు. మర్చిపోయానని మీ అందరికీ చెప్పాను. అది అబద్ధం. నలుగురిలో చెప్పుకోవడానికి సిగ్గుపడి వదిలేశాను" అన్నాను. మైకు వద్దనుకున్నా ఎవరో పెట్టారు. అది ఒకసారి కీచుమంది. మిరప తోట సంగతి, మేనమామ వాకిలి సంగతి, గంజి మాట చదివాను. తర్వాత బిడ్డల పేర్లు చదివాను. దావీదు, మా నాయన, ఇద్దరు మేనత్తలు, చివర సుబ్బులు.

చాప మీద నుంచి సుబ్బులత్త చెయ్యెత్తింది.

"ఇంకా తప్పే ఉంది నాయనా."

ఆమె లేచి నిలబడింది.

"నేను మీ నాయన కన్నా పెద్దదాన్ని. చివర్లో ఎందుకు పెట్టినావు? దావీదు అన్న తర్వాత నేను."

మగవాళ్ల వైపు నుంచి మా నాయన గట్టిగా, "నిజమేరా, మా అక్క నన్ను చంకనేసుకోని తిప్పింది" అన్నాడు. ముందు ఆడవాళ్లు నవ్వారు, తర్వాత అందరూ నవ్వారు, పాస్టరు గారు కూడా.

నేను జేబులోంచి కలం తీశాను. అందరూ చూస్తుండగా, కాగితం బల్ల మీద పెట్టి, చివరి పేరు కొట్టేసి రెండో చోట రాశాను. ఆమె ఆ రాయడం అయ్యేదాకా చూసింది. అప్పుడు మా జేజి బిడ్డల పేర్లు మొదటి నుంచి, అయిదూ, వరసగా మళ్లీ చదివాను.