హీటర్ ఆపి చూడమన్న మాస్టారు

మా ఫిజిక్స్ మాస్టారు పోయారు. మొన్న పొద్దున్న పటమట నుంచి ఆయన భార్య, మేమంతా అమ్మగారని పిలిచే ఆవిడ, ఫోన్ చేసి చెప్పారు. పోయిన మనిషి గురించి రాస్తూ ఈ ఉత్సాహం ఏమిటని మీరు అనుకోవచ్చు. ఆయన్ని తలుచుకుంటే నాకు ఏడుపు కన్నా ముందు ఉత్సాహమే వస్తుంది, ఏం చేయను!

మాది పామర్రు. నేత బట్టల కొట్టువాళ్ల పిల్లని పరిశోధనలోకి లాగింది ఆయనే. పలుచని పొరలో చిక్కుకున్న ఎలక్ట్రాన్లను బలమైన అయస్కాంతంలో పెట్టి, చిన్న హీటర్‌తో ఒక పక్క కాస్త వేడి తగిలిస్తే ఎంత వోల్టేజి పుడుతుందో కొలవడం మా పని. "క్యారమ్ బోర్డు మీద కాయల్లాంటివమ్మా అవి. పక్కలకే తిరగాలి, పైకి లేవలేవు" అని మొదటి రోజే చెప్పారు. బెజవాడ ఎండలో చెమటలు తుడుచుకుంటూ ఆ పొరను చల్లబరిచే ద్రవ హీలియం చలి గురించి గంటలకొద్దీ మాట్లాడేవారు. కాఫీ గ్లాసు చేతికిస్తే అంచు ఒకసారి, అడుగు ఒకసారి తాకి, "వేడి ఎటు పోతోందో చెప్పు" అనేవారు. ఈలోగా కాఫీ చల్లారిపోయేది.

పోయిన వేసవిలో మా ప్రయోగం ఆఖరికొచ్చింది. అయస్కాంతం వేరే ఊరి ల్యాబ్‌లో ఉంది. మోకాళ్ల నొప్పులతో ఆయన ప్రయాణం చేయలేక, అక్కడి కొలతలు ఎప్పటికప్పుడు కనబడేలా వాళ్లింటి హాల్లోనే ఇద్దరం ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాం. అయస్కాంత బలం పెరిగేకొద్దీ వోల్టేజి గీత అలలు అలలుగా లేచింది! నా థీసిస్ అంతా ఆ అలల మీదే ఆధారపడి ఉంది. హీలియం ఇంకొక్కసారి కొలవడానికే మిగిలింది.

"వేడి ఇంకాస్త పెంచి తీద్దాం మాస్టారూ, అలలు ఇంకా బాగా వస్తాయండీ."

"వద్దు. హీటర్ ఆపి తీయమను."

"ఉన్నది ఒక్క ఛాన్సండీ!"

"అందుకే. అయస్కాంతం పెంచుతుంటే తీగల్లో దానంతటదే వోల్టేజి పుట్టొచ్చు. వేడి లేకపోయినా అలలు వచ్చాయనుకో, మనం కొలిచింది ఎలక్ట్రాన్లని కాదు. తెలుసుకోవద్దా?"

నాకు ఒళ్లు మండింది. అయినా ల్యాబ్‌కి ఫోన్ చేసి హీటర్ ఆపి తీయమన్నాను. గీత బయల్దేరింది. అలలు లేచిన చోటు దగ్గరపడుతుంటే ఊపిరి బిగపట్టాను. గీత తిన్నగా వెళ్లిపోయింది. అంటే ఇందాకటి అలలు వేడి వల్ల వచ్చినవే. అవి నిజం!

"ఏమీ లేదు! ఏమీ లేదమ్మా!" అంటూ మాస్టారు ఆ మోకాళ్లతోనే లేచి చప్పట్లు కొట్టారు. అమ్మగారు వంటింట్లోంచి కంగారుగా వచ్చారు.

"ఏమీ లేకపోతే ఆ సంబరమేంటండీ?"

మాస్టారు ఆవిడ చెయ్యి పట్టుకుని, పిండి అంటిన ఆ వేలితో తెర మీది తిన్నని గీతను ఈ చివర నుంచి ఆ చివర దాకా మెల్లగా దిద్దించారు.