సర్వర్‌కు బోణీ

కరోనా తగ్గిన తర్వాతి వేసవిలో మా కంపెనీ నన్ను ఎల్‌బీ నగర్‌లోని ఒక మందుల హోల్‌సేల్ సంస్థకు పంపింది. అప్పటికి నా హోదా సీనియర్ కన్సల్టెంట్, రిటైర్మెంట్‌కు ఎంతో దూరం లేదు. వాళ్ల పాత సర్వర్ తీసేసి, కొత్త మిషన్ మీద లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేసి, దాని మీద అప్లికేషన్ సర్వర్ ఎక్కించి అప్పగించడం నా పని. అప్లికేషన్ సర్వర్ అంటే ఏమిటో తెలియనివారికి ఒక మాట చెబుతాను. పెళ్లి భోజనాల దగ్గర వంటవాళ్లకూ వడ్డించేవాళ్లకూ నడుమ నిలబడి అజమాయిషీ చేసే మనిషి ఉంటాడే, అలాంటిదన్నమాట. దిల్‌సుఖ్‌నగర్‌లో వాళ్ల దుకాణాల్లో బిల్లు కొట్టినప్పుడల్లా, ఆ మందు ఉందా అనే ప్రశ్న ముందు దీని దగ్గరికే వస్తుంది. ఇది డేటాబేస్‌లో సరుకు చూసి జవాబు పంపుతుంది. ఇది పడుకుంటే కౌంటర్లన్నీ పడుకుంటాయి. మందుల చీటీ పట్టుకుని వచ్చినవాళ్లు మాత్రం నిలబడే ఉంటారు.

యజమాని యాదిరెడ్డి గారిది పెద్ద అంబర్‌పేట్ వైపు పాత వ్యవసాయ కుటుంబం. భూముల వ్యవహారాలు అప్పటికీ వదల్లేదు, ఈ వ్యాపారం వాటికి తోడు. లినక్స్‌కు లైసెన్సు ఖర్చు లేదని చెప్పగానే ఆయన ముఖం మారింది. “ఊకెనే ఎవడిస్తడు మేడం? లోపల ఏదో కిరికిరి ఉంటది,” అన్నారు. లోపలి ప్రోగ్రాం రాతంతా ఎవరైనా విప్పి చూసుకోవచ్చని చెప్పాను. అట్లయితే దొంగ కూడా విప్పి చూస్తడు గదా అని ఆయన వాదం. నేనేమీ నొచ్చుకోలేదు. తెల్లనివన్నీ పాలు, నల్లనివన్నీ నీళ్లు అనుకునే రకాన్ని నేనూ కాదు. మా వృత్తిలో అనుమానం లేనివాళ్లు ఎక్కువ కాలం నిలవరు.

ఇన్‌స్టలేషన్ పద్ధతిగానే చేశాను. సర్వర్ కోసం విడిగా ఒక యూజర్‌ను పెట్టి, జావా వేసి, దాన్ని సర్వీస్‌గా నమోదు చేశాను. సర్వీస్ అంటే, మిషన్ ఆన్ కాగానే ఆపరేటింగ్ సిస్టమే దాన్ని లేపుతుంది, మనిషి చెయ్యి అక్కర్లేదు. ఆఫీసులో సిస్టమ్ పనులు చూసుకునే వసంతకు అన్నీ చూపించి, అప్పగింత సంతకాలు తీసుకుని వచ్చేశాను. వసంతది గుంటూరు వైపు. కొత్తపేటలో హాస్టల్‌లో ఉండేది. మాట తక్కువ, పని శుభ్రం.

కొన్ని వారాలకే ఫోన్లు మొదలయ్యాయి. పట్టపగలు సర్వర్ ఆగిపోతోందట. రోజూ కాదు, ఉండుండి ఒక్కో మధ్యాహ్నం. సర్వర్ తన గురించి తాను రాసుకునే లాగ్ తెప్పించి చూశాను. మెమరీ చాలకో, లోపల ఏదో విరిగో పడిపోతే సర్వర్ గగ్గోలు పెట్టి మరీ పడుతుంది. ఇది అలా కాదు, మర్యాదగా చేతిలో పనులన్నీ సర్దుకుని ఆగింది. అంటే ఎవరో ఆగమన్నారు. పైగా అది నడుస్తున్నది నేను పెట్టిన యూజర్ పేరుతో కాదు, వసంత పేరుతో. అది చూడగానే నాకు ఒళ్లు మండింది.

మెట్రో దిగి ఆఫీసుకు వెళ్లేసరికి మేనేజర్ నర్సింహ నా కోసమే కాచుకుని ఉన్నాడు. అతను యాదిరెడ్డి గారి బావమరిది. వసంతకు వేరే కంపెనీలో ఉద్యోగం వచ్చిందనీ, సర్వర్ ఆగిన ప్రతిసారీ ఆమె సీట్లో లేదనీ, మెట్ల మీద ఫోన్ పట్టుకుని ఉందనీ వరసగా చెప్పుకొచ్చాడు. “గా పిల్ల పనే మేడం. పోయేముందు మనల్ని ఆగం పట్టిస్తున్నది. మీరు రిపోర్ట్ మీద సంతకం పెడితే స్టేషన్‌కు పోతం,” అన్నాడు. ఫిర్యాదు అప్పటికే టైపు చేయించి పెట్టుకున్నాడు. మా రంగంలో కొత్తగా చేరేవాళ్ల పూర్వాపరాలన్నీ కంపెనీలు తవ్వి చూస్తాయి. పోలీసు కేసు ఉందంటే ఆ అమ్మాయికి ఆ ఉద్యోగమే కాదు, ఇంకే ఉద్యోగమూ రాదు. అది తేలేది నా సంతకంతో.

నేను పెట్టినదాంట్లో ఏమైనా మార్చారా అని నర్సింహను అడిగాను. ఏం మార్చలే, మీరు పెట్టింది పెట్టినట్టే ఉన్నదన్నాడు. వసంతను అడిగితే ఆమె యజమాని గది వైపు ఒకసారి చూసి, తనకేమీ తెలియదని తల దించుకుంది. ఆ చూపు నాకు నచ్చలేదు. ఏదో దాస్తోంది, ఇక అనుమానమే లేదనుకున్నాను. అయినా కళ్లతో చూడనిదే సంతకం పెట్టడం నాకు అలవాటు లేదు, రేపు చెబుతానన్నాను.

మర్నాడు పొద్దున్నే, షట్టర్ ఎత్తే వేళకే వెళ్లాను. వసంత ఏం చేస్తుందో మొదటి నుంచీ చూడాలని నా ఆలోచన. ఒక గుమాస్తా దగ్గర కూర్చుని, బిల్లింగ్ తెర తెరవమన్నాను. “ఆగుండ్రి మేడం, ఇంక బోణీ కాలే,” అన్నాడు. మొదటి గిరాకీ ఎన్నింటికి వస్తుందని అడిగాను. అతను నవ్వి, “గిరాకీ బోణీ కాదు మేడం. సర్వర్ బోణీ. సార్ రావాలె,” అన్నాడు.

సార్ వచ్చారు. చెప్పులు విడిచి, దేవుడి పటానికి అగరుబత్తీ వెలిగించి, అదే అగరుబత్తీ తన లాప్‌టాప్ చుట్టూ తిప్పారు. వసంత వచ్చి, తెర మీద సర్వర్‌కు ఆదేశాలిచ్చే నల్లటి కిటికీ ఒకటి తెరిచి, తన పేరుతో లాగిన్ అయి, ఏదో కొట్టి పక్కకు జరిగింది. ఆయన కళ్లు మూసుకుని ఎంటర్ నొక్కారు. తెర మీద అక్షరాలు పరుగెత్తాయి. ఆయన తృప్తిగా చూశారు. ఓరి దేవుడా అనుకున్నాను.

నర్సింహను పక్కకు పిలిచి అడిగితే అంతా తాపీగా చెప్పాడు. యజమాని చెయ్యి పడకముందే మిషన్ తనంతట తాను లేచి దుకాణం తెరవడం బావగారికి మనసొప్పలేదట. అందుకని ఆ సర్వీస్‌ను తీసేయించి, రోజూ ఆయన చేతి మీదుగానే మొదలుపెడుతున్నారట. వసంత రాని రోజు ఆమె పాస్‌వర్డ్‌తో తనే లాగిన్ అవుతాడట. మరి నిన్న ఏమీ మార్చలేదన్నావేమయ్యా అంటే, అతను నిజంగానే ఆశ్చర్యపోయాడు. “అది మార్చుడెట్ల అయితది మేడం? బోణీ గదా.”

ఇక్కడ కొంచెం వివరం కావాలి. లాప్‌టాప్‌లోని ఆ నల్లటి కిటికీలోంచి మొదలుపెట్టిన సర్వర్‌కు ఆ కిటికీయే ఆధారం. మూత వేస్తే లాప్‌టాప్ నిద్రపోతుంది, సంబంధం తెగుతుంది. ఆ వెంటనే ఏమీ కాదు. లినక్స్ కాసేపు పిలిచి చూసి, పలకకపోతే మనిషి వెళ్లిపోయాడని నిర్ణయించి, అతను మొదలుపెట్టిన పనులన్నింటినీ ఆగమంటుంది. యాదిరెడ్డి గారు సాయంత్రం దాకా ఉన్న రోజు ఇబ్బంది లేదు. భూముల పని మీద మధ్యాహ్నమే మూత వేసి బయల్దేరిన రోజు, ఆయన కారు హయత్‌నగర్ చేరేలోపు ఇక్కడ సర్వర్ ఆగేది. యజమాని లేడు కదా అని ఇంటికి ఫోన్ చేసుకోవడానికి వసంత మెట్ల మీదికి పోయేది కూడా ఆ రోజుల్లోనే.

ఇదంతా నీకు తట్టలేదా అని ఆమెను విడిగా అడిగాను. కోపంగానే అడిగాను. ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది. “తట్టింది మేడం. ‘మీ చెయ్యి పడ్డాకే ఆగిపోతోందండీ’ అని ఆయన మొహం మీద ఎలా చెప్పమంటారు? నా మీద అనుమానపడితే ఎప్పటికైనా తేలుతుందనుకున్నాను. ఆయన చేతికి వంక పెడితే ఆ పూటే గెంటేస్తారు.” కేసు దాకా పోతుందని ఆమె అనుకోలేదు.

యజమాని గదిలో అందరినీ కూర్చోబెట్టాను. వసంత కంప్యూటర్ ఆపించి, ఫోన్ బల్ల మీద పెట్టించి, ఆమెను ఆయన ఎదురుగా కూర్చోమన్నాను. లాప్‌టాప్ మూత వెయ్యమని యాదిరెడ్డి గారిని అడిగాను. ఎందుకన్నట్టు చూసి వేశారు. చాయ్ వచ్చింది, తాగాం. కప్పులు తీసేలోపు నర్సింహ ఫోన్ మోగింది. దిల్‌సుఖ్‌నగర్ కౌంటర్ నుంచి, బిల్లులు ఆగిపోయాయని.

యాదిరెడ్డి గారు కుడి అరచెయ్యి విప్పి చూసుకున్నారు. “అంటే, నా చెయ్యేనా మేడం?”

“చేతి తప్పు కాదు సార్. మూతది,” అన్నాను.

ఆయన నర్సింహ దగ్గరున్న ఫిర్యాదు తీసుకుని నాలుగు ముక్కలు చేశారు. వసంత వైపు తిరిగి, “నీ పేరు ఖరాబ్ చేసినం బిడ్డా. ఏం చెయ్యమంటవో చెప్పు,” అన్నారు. జీతమో, సెలవో అడుగుతుందని నేననుకున్నాను.

“నా పేరుతో ఇంకెవరూ లాగిన్ అవ్వొద్దండీ,” అంది.

ఆ లాప్‌టాప్‌లోనే, ఆయన ఎదుటే పాస్‌వర్డ్ మార్చేసింది. ఆమె కొడుతున్నంతసేపూ యాదిరెడ్డి గారు మొహం గోడవైపు తిప్పుకున్నారు. నేను మళ్లీ సర్వీస్ నమోదు చేశాను. ఆయన ముచ్చట కోసం, ఎంటర్ నొక్కితే లాగ్‌లోని అక్షరాలు పరుగెత్తేలా మాత్రం ఒక కిటికీ పెట్టించాను. అది మూస్తే ఏమీ ఆగదు. నోటీసు కాలం పూర్తి చేసుకుని, సరైన కాగితాలతో వసంత కొత్త ఉద్యోగానికి వెళ్లింది.

ఆ తర్వాత రిటైర్ అయ్యేదాకా నా రిపోర్టుల్లో ఒక మార్పు ఉండేది. ‘ఎవరు చేశారు’ అనే చోట లాగ్‌లోని పేరు ఎత్తి రాయడం మానేశాను. ‘ఎవరి లాగిన్‌తో జరిగింది’ అని మాత్రమే రాసేదాన్ని. రెండూ ఒకటే కదా అని పైవాళ్లు కొట్టివేస్తే మళ్లీ అదే రాసి పంపేదాన్ని. లాగ్‌కు తెలిసేది పేరే, మనిషి కాదు.