పరుపుకు అవతలి పక్క

మాకు బాగా ఉన్న ఆ రోజుల్లో నాకు కష్టం అంటే ఏమిటో తెలియదని చెప్పుకుంటే వినడానికి గొప్పగానే ఉంటుంది గానీ, నిజానికి నాకు బకెట్ అంటే ఏమిటో కూడా సరిగ్గా తెలియదు. కర్నూలులో మా ఇంట్లో నీళ్ళు పైనుంచి వాటంతటవే పడేవి, కాఫీ దానంతటదే గదిలోకి వచ్చేది, అక్కా నేనూ విప్పి పడేసిన బట్టలు ఇస్త్రీ చేయించుకుని మరీ బీరువాలోకి వెళ్ళి కూర్చునేవి (వాటి వెనక ఒక మనిషి ఉంటుందన్న సంగతి, ఆమె పని మానేశాక తెలిసింది). మా నాయన ఓర్వకల్లు వైపు రాళ్ళ పొలాలు చవగ్గా కొని, విమానాశ్రయం వస్తోందన్న మాట వినబడగానే ప్లాట్లు చేసి అమ్మాడు. ఆ సంపద అంతా మా అక్కాచెల్లెళ్ళ తెలివితేటల వల్లే వచ్చిందన్నట్టు మేము కారు అద్దం సగం దించి ఊరిని పరామర్శిస్తూ తిరిగేవాళ్ళం.

నాయన భాగస్వామి ఒకాయన ఉండేవాడు. మేము ప్రేమగా చిన్నాయన అని పిలిచేవాళ్ళం. ఆ మహానుభావుడు ఒక్కో ప్లాటును ఇద్దరిద్దరికి అమ్మి, ఒక మంచిరోజు చూసుకుని ఫోను ఆపేసి మాయమయ్యాడు. కాగితాల మీద సంతకాలన్నీ నాయనవి. మూడు నెలల్లో ఇల్లు, కారు, అమ్మ నగలు అన్నీ పోయి, మేము కోడుమూరులో మా అవ్వ ఇంట్లో తేలాం. అప్పటికి నాకు రాజంపేటలో తోటలున్న ఒక పెద్ద కుటుంబంతో సంబంధం ఖాయమై ఉంది. ఎనిమిది నెలల కిందట అద్భుతంగా కలిసిన మా జాతకాలు, కారు అమ్ముడుపోయిన వారానికి కలవకుండా పోయాయి. గ్రహాలకు వార్తలు అంత త్వరగా ఎవరు మోస్తారో నాకు ఈనాటికీ అర్థం కాదు. ఆ ఫోను వచ్చిన రోజునుంచి నాయన గడప దాటడం మానేశాడు. ఇంట్లో ఎవరో ఒకరు సంపాదించక తప్పదు, ఆ ఎవరో మేమిద్దరమేనని తెలిసినప్పుడు అక్క ముఖం చూడాలి, చావు కబురు విన్నట్టు పెట్టింది.

మాకు వచ్చిన విద్య ఒక్కటే, చీరలు చూడటం. కాబట్టి కర్నూలులో మేము బట్టలు కొనే పెద్ద కొట్టుకే పనికి వెళ్ళాం. అక్కను గుమ్మం దగ్గర నిలబెట్టి వచ్చినవాళ్ళకు నమస్కారం పెట్టమన్నారు (బెంగళూరులో నాలుగేళ్ళు ఫ్యాషన్ డిజైనింగ్ చదివింది కదా, ఆ నమస్కారం చాలా డిజైనుగా ఉండేది). నన్ను మేడ మీద పట్టుచీరల దగ్గరికి పంపారు. అక్కడ నేల మీద పొడుగ్గా తెల్లటి పరుపు పరిచి ఉంటుంది. ఇటుపక్క కొనేవాళ్ళు, అటుపక్క అమ్మేవాళ్ళు. నేను తిన్నగా వెళ్ళి, అలవాటు కొద్దీ ఇటుపక్క దిండుకు ఆనుకుని కూర్చుని, "ఒక కూల్ డ్రింక్ చెప్పండి, ఐస్ వద్దు" అన్నాను.

అవతలి పక్క చీరలు మడతపెడుతున్న మనిషి తలెత్తాడు. "మేడం, ఈ పొద్దు నుంచి మీరు ఈ పక్క. ఆ కూల్ డ్రింకు తెచ్చేది గూడా మీరే."

కొట్టులో అతన్ని అందరూ మడతప్ప అనేవారు. విప్పిన పట్టుచీరను జరీ విరగకుండా, పాత మడత మీదే మళ్ళీ మడతపెట్టడం అతని పని. నేను మడిస్తే చీర దుప్పటిలా తయారయ్యేది. అతను దాన్ని లాక్కుని మళ్ళీ మడిచేవాడు. ఒకరోజు మధ్యాహ్నం టిఫిను డబ్బా విప్పుతూ, "మీకు గుర్తు లేదేమో. పోయిన దీపావళికి అరవై చీరలు విప్పించి, ఒగటీ బాగల్యాదని లేచి పోయినారు. ఆ పొద్దు నేను అన్నం తినేతలికి నాలుగయింది" అన్నాడు. నాకు నిజంగానే గుర్తు లేదు. అందుకే ఎక్కువ సిగ్గేసింది. "మా రాళ్ళ చేను కొన్నది గూడా మీ నాయనే" అన్నాడు మళ్ళీ. నేను తల ఎత్తలేదు. "దాంట్లో జొన్న గూడా సరిగా పండేది కాదు లేండి. ఉగ్గాని శానా ఉండాది, తినండి" అని డబ్బా ఇటు జరిపాడు. ఆ బొరుగుల ఉగ్గానిలో కారం ఎక్కువ. కళ్ళలో నీళ్ళు దానివల్లే వచ్చాయని అతనికి చెప్పాను.

మా ఓనరును సేటు అనేవాళ్ళం. నెల తిరిగేసరికి ఆయన పిలిచి, "ఆదివారం దాకా చూస్తా పాపా. ఒక్క పెండ్లి బేరమన్నా చేసినావా, ఉంటావు. లేకుంటే ఇంటికి పోవాల్సిందే" అన్నాడు. ఆదివారం పదకొండు గంటలకు అక్క నుంచి మెసేజ్ వచ్చింది: "రాజంపేటోళ్ళు పెండ్లి బట్టలకు వచ్చినారే. చూసుకోకుండా నమస్కారం గూడా పెట్టేసినా." నేను ఫోను దించేలోగా, నాకు అత్తగారు కావలసిన ఆమె, మొగుడు కావలసిన అతను, పదిహేను మంది చుట్టాలు మెట్లెక్కి వచ్చేశారు. మధ్యలో కొత్త పెళ్ళికూతురు, ఆమెదీ కర్నూలే. పారిపోతే ఉద్యోగం పోతుంది, ఉంటే పరువు పోతుంది. కరోనా నాటి మాస్కు ఒకటి సొరుగులో కనబడితే తగిలించుకుని పరుపు దగ్గర కూర్చున్నాను.

గంటన్నర చీరలు విప్పాను. చివరికి అత్తగారు ముహూర్తానికని ఒక ఎర్రచీర పట్టుకున్నారు. మా దగ్గర ఒక పద్ధతి ఉంది. చీర నచ్చితే అమ్మే పిల్ల లేచి దాన్ని తన మీద వేసుకుని చూపించాలి. లేచాను. మడతప్ప కుచ్చిళ్ళు సర్ది, పైట భుజం మీద పరిచాడు. "మాస్కు తీయి పాపా, మొగం కనపడకుంటే చీర కళ యెట్ల తెలుస్తాది?" అన్నారు అత్తగారు. తీశాను.

పెళ్ళికొడుకు ఎన్నడూ లేని భక్తితో ఫోనులోకి చూడటం మొదలుపెట్టాడు. "నువ్వా! బాగుండావామ్మా? నాయన బాగుండాడా?" అన్నారామె, గుక్క తిప్పుకుని. "బాగుండాడత్తా" అన్నాను (నాలుక పాత అలవాటు మానలేదు, దాన్ని కోసి పారేద్దామనిపించింది). "మీకు ముందే తెలుసా?" అంది పెళ్ళికూతురు. "జాతకాల దగ్గర పరిచయం" అన్నాను. అత్తగారు కంగారుగా, "సరే, ఈ చీరే కట్టియ్యి" అన్నారు.

"ఆ చీర ఇచ్చేకి లేదమ్మా" అన్నాడు మడతప్ప. "బుక్కయింది."

"ఎవురికప్పా?"

మడతప్ప చెవులు చీర రంగుకు తిరిగాయి. "ఈ పాపకే" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. నా ఉద్యోగం ఆ బేరం మీద ఉంది, ఈయన గారేమో ఉన్న బేరాన్ని కాళ్ళతో తన్నుతున్నాడు! గబగబా ముదురు ఆకుపచ్చ చీర లాగి పెళ్ళికూతురి భుజాన వేసి, "నీ రంగుకు ఎరుపు కన్నా ఇదే బాగుండాది, అద్దంలో చూడు" అన్నాను. అబద్ధం కాదు. ఆ పిల్ల నిజంగానే మెరిసిపోయింది. వాళ్ళు బేరం కూడా ఆడకుండా తొమ్మిది చీరలు తీసుకుని, మెట్లు రెండేసి చొప్పున దిగిపోయారు. సేటు తల ఊపాడు. నేను ఉద్యోగంలో నిలిచాను.

అందరూ వెళ్ళాక మడతప్ప మీద పడ్డాను. "ఎందుకట్ల అన్నావు? ఆ చీర నువ్వు కొంటావా?"

"యాడ కొంటా? ఐదు నెల్ల జీతం అది."

"మరి?"

"మీ మీద చూసినాక ఆమెకు ఇయ్యబుద్ధి కాల్యా. పొద్దుగూకేదాకన్నా మీదిగా ఉండనీ అనుకున్యా" అన్నాడు, చీరను నా భుజం మీదినుంచి తీసి మడతపెడుతూ.

పది రోజుల తర్వాత ఆదోని నుంచి ఎవరో వచ్చి ఆ చీర కొనుక్కున్నారు. అమ్మింది నేనే. ఇల్లు పోయినప్పుడు కూడా అంత ఏడుపు రాలేదు. పక్కనుంచి మడతప్ప, "పోనీలే మేడం, రెండు సార్లు కట్టితే ఎలిసిపోయే రంగు అది" అన్నాడు. అది పచ్చి అబద్ధమని పట్టుచీరల దగ్గర పని చేసే ఎవరికైనా తెలుసు. అంత మంచి అబద్ధం చెప్పగలిగిన మనిషిని వదులుకోకూడదని ఆ క్షణమే అనుకున్నాను. ఏడాది తిరగకుండానే నూలు చీరలో పెళ్ళి చేసుకున్నాను.

ఇప్పటికీ ఎప్పుడైనా, ఎర్రచీర కప్పుకుని పదిహేను మంది ముందు గజగజలాడుతూ నిలబడ్డ ఆ పిల్ల గుర్తొస్తుంది. వెళ్ళి చెవిలో చెప్పాలనిపిస్తుంది: పిచ్చిదానా, వాళ్ళు నిన్ను వద్దనుకున్నారని అంత వణుకుతున్నావు గానీ, ఒక్కసారి వెనక్కి తిరిగి చూడు, నీ పైట పట్టుకున్నవాడి చేతులు నీకన్నా ఎక్కువ వణుకుతున్నాయి.