చచ్చినవాడికి శిక్షణ

బొల్లారంలోని మా మందుల ఫ్యాక్టరీలో ఒక సూత్రం ఉంది: రాయనిది జరగనట్టే. అందుకే ఇది రాసి పెడుతున్నాను. లేకపోతే, ఒక శవం చాయ్ తాగి నా నౌకరీకి ఎసరు పెట్టిందంటే రేపు నేనే నమ్మను.

అప్పటికి నేను ట్రైనీని. పర్మనెంట్ ఆర్డరు నెల దూరంలో ఉంది. పైగా సంగారెడ్డి గ్రంథాలయంలో రెండు బీరువాలు నమిలి మింగిన మహా పాఠకుణ్ణి. మూడో బీరువాలో, అట్ట ఊడిన డిటెక్టివ్ నవల ఒకటి దొరికింది. పన్నెండో పేజీలో తుపాకీ గుండుకు చచ్చిన జమీందారు నలభై ఏడో పేజీలో చాయ్ అడుగుతాడు. అదీ చక్కెర తక్కువగా. కళ్లకు గంతలు కట్టిన డిటెక్టివు హంతకుడి చొక్కా రంగు చెబుతాడు. నేల మీది వెంట్రుక చూసి, వీడికి వంకాయ పడదని తేలుస్తాడు.

క్యాంటీన్‌లో కూర్చుని, ఉడికే ఇడ్లీపాత్ర మూతలా ఎగిరెగిరి నవ్వాను. నాతో పనిచేసే మొయిన్ భాయ్ ప్లేటు పక్కకు జరుపుకున్నాడు.

"ఏంది యాదగిరీ, గంత నవ్వుతున్నవ్?"

"సచ్చినోడు చాయ్ తాగుతున్నడు భాయ్."

"అయితే డీవియేషన్ రాయి."

పనిలో ఏదైనా తేడా జరిగితే మేము నింపే ఫారం అది. నాలోని పండితుడు పెన్ను తీశాడు. జరిగినది: చనిపోయిన వ్యక్తి చాయ్ తాగెను. కారణం: శిక్షణ లోపం. సవరణ: మృతునికి తిరిగి శిక్షణ ఇవ్వవలెను. కింద ఇంటిపేరుతో సహా సంతకం. ఇదంతా నవల్లో జరిగిందని రాయడం మాత్రం మరిచాను. తర్వాత ఆ ఫారం మిగతా కాగితాల్లో కలిసి క్వాలిటీ ఆఫీసుకు వెళ్లిపోయింది. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నాకు రాబోయే నౌకరీ పోబోయింది.

మర్నాడు క్వాలిటీ మేనేజరు సునీత మేడం పిలిచారు.

"యాదగిరీ, ఎవరు సచ్చిండ్రు?"

"జమీందారు, మేడం."

"ఏ షిఫ్టుల?"

"నవల్ల, మేడం."

ఆమె తల పట్టుకున్నారు. "నంబర్ పడ్డది. నంబర్ పడ్డ కాగితం చింపరాదు, ఎరుకే గద. ఎల్లుండి ఆడిట్ ఉన్నది. రాసినోనివి నువ్వే, దర్యాప్తు జేసి మూసేటోనివి నువ్వే. లేకుంటే నీ ఆర్డరు మర్చిపో."

డిటెక్టివుని వెక్కిరించిన నేనే డిటెక్టివునయ్యాను. నవలంతా మళ్లీ చదివి, "పాత్రలు కల్పితం, ప్రాణనష్టం లేదు" అని తేల్చాను.

మా దగ్గర మందులు కొనేవాళ్లు కాగితాల తనిఖీకి పంపిన ఆడిటరు, అన్ని కాగితాల్లోంచీ సరిగ్గా అదే లాగాడు. శ్రద్ధగా చదివి కళ్లద్దాల మీంచి చూశాడు.

"అంతా బాగుంది. మృతుడికి శిక్షణ ఇచ్చినట్టు అతని సంతకం ఏదీ?"

మేడం సీలింగు ఫ్యాను వైపు చూశారు. నేనే అందుకున్నాను.

"సార్, ఇద్దామనుకున్న. అరవయ్యో పేజీల మళ్ల సచ్చిండు."

ఆయన పెన్ను ఆగింది. భుజాలు కదిలాయి. "ముందు ఆ పుస్తకం ఇటివ్వు," అన్నాడు. భోజనాల దాకా ఆ గదిలోంచి నవ్వు వినిపించింది. రిపోర్టులో మాత్రం ఒక్క మాటే: ఫారం నింపిన వ్యక్తికి శిక్షణ అవసరం.

మూడు రోజులు శిక్షణ పొంది సంతకం చేశాకే ఆర్డరు చేతికొచ్చింది.

సలహా ఇచ్చిన మొయిన్ భాయ్‌కి, నన్ను గెంటేయని సునీత మేడంకి, నవ్విన ఆడిటరు గారికి, విసుగు లేకుండా రెండుసార్లు చచ్చిన జమీందారు గారికి కృతజ్ఞతలు. ఇకపై డిటెక్టివ్ నవల చదివేటప్పుడు పెన్ను ముట్టనని ఇందుమూలంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఈ కాగితానికి మాత్రం నంబర్ వేయించలేదు. ఎప్పుడైనా చింపుకోవచ్చు.