గోడ అవతలి పిల్ల

అసిరమ్మ చేసిన బొమ్మరింటి గోడ అవతల ఒక పిల్ల కూర్చుని ఉండేది. బొటనవేలంత పిల్ల. దాన్ని ఊడబెరికినవాణ్ణి నేను. ఆమెను అడగలేదు, ఆమెకు చెప్పలేదు. పైగా మంచి పని చేస్తున్నాననుకున్నాను.

అసిరమ్మది బొబ్బిలి. మా ఇంటికి మూడో ఇల్లు. నాకు వరసకు మేనత్త. కూర్మయ్య వీణలు చేసే సాలలో రంపపు పొట్టు ఊడ్చి, మైనం కాచి, పనసచెక్కలు ఎండలో తిరగేసేది. యాభై దాటిన మనిషి. ఆమె కుడి భుజం ఎడమదానికంటే కాస్త ఎత్తుగా, గట్టిగా ఉండేది. ఎందుకలా ఉందని నేనెప్పుడూ అడగలేదు. ఎస్సెల్సీ తప్పి, బళ్లమీదా కొట్లమీదా పేర్లు రాసే పనిలో పడినవాణ్ణి. మిగిలిన పొద్దంతా గ్రంథాలయంలో దొరికిందల్లా చదివేవాణ్ణి. లోకంలో అన్యాయం ఎక్కడెక్కడ ఉందో నాకు తెలుసని నా నమ్మకం. మూడో ఇంటి మనిషి భుజం సంగతి మాత్రం తెలియదు.

అరవై ఎనిమిది వేసవిలో విజయనగరం నుంచి పద్మకుమారి గారనే ప్లీడరు గారి భార్య వీణ కొనడానికి కూర్మయ్య సాలకు వచ్చింది. ఆమె తాతగారి బంగళా ఒకప్పుడు మా ఊళ్లోనే ఉండేది. దాన్ని పడగొట్టి గోగునార గోదాం కట్టారు. దసరా బొమ్మల కొలువులో తాతగారి హాలును బొమ్మరిల్లుగా పెట్టాలని ఆమె కోరిక.

"పాతకాలం హాలు అచ్చం అలాగే ఉండాలి. ఒక్క ఫోటో కూడా మిగల్లేదు. గుర్తున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని ఆమె కూర్మయ్యను అడిగింది.

మూల ఊడుస్తున్న అసిరమ్మ చీపురు పక్కన పెట్టి, "నాకు గురుతున్నాదమ్మా. నాను సేస్తాను" అంది.

కూర్మయ్య పకపకా నవ్వాడు. "ఒసే, నువ్వా హాల్లో ఎప్పుడు కూకున్నావే? రాణీగోరివేటి?"

"కూకోలేదు బావా. సూసినాను."

ఎలా చూసిందో తర్వాత నాకు చెప్పింది. ఆ బంగళాకు అప్పటికి కరెంటు లేదు. హాలు దూలానికి గుడ్డ కుచ్చులు కట్టిన పొడుగాటి పంకా వేలాడేది. దాని తాడు గోడలో కన్నం గుండా వెనక వరండాలోకి వచ్చేది. వరండాలో కూర్చుని ఆ తాడు లాగేవాడు అసిరమ్మ తండ్రి. ఆయనకు ఆయాసం పట్టుకున్నాక, తొమ్మిదేళ్ల అసిరమ్మ ఆ చోట కూర్చుంది. ఆరు వేసవులు లాగింది. లోపలివాళ్లు మధ్యాహ్నం కునుకు తీసినప్పుడు పీట ఎక్కి, ఒక చేత్తో తాడు లాగుతూనే కన్నానికి కన్ను ఆనించేది. ఆమె హాలంతా ఆ కన్నంలోంచి చూసినదే.

నాలుగు నెలలు చేసింది. వీణ దొలిచినప్పుడు రాలిన పనసచెక్కతో గోడలు, సోఫాలు, వాలుకుర్చీ. తెగిన వీణ తీగలు వంచి, వాటికి గాజుపూసలు గుచ్చి దీపాల గుత్తి. ఎండిన ఉమ్మెత్తపువ్వుకు లక్క పూసి గ్రామఫోను గొట్టం. నల్లమైనంతో గోడకు లేడి తల. నేల మీద నలుపు తెలుపు గళ్లు నా చేత వేయించింది. ఒక గడి తప్పు పడితే ఊరుకునేది కాదు.

"ఒరే లక్ష్ముడు, గుమ్మం కాడ నల్లది. తెల్లది కాదు. దాని పక్క తెల్లదాని మీద అయ్యగోరి బూటు ఉండీది."

మూడు గోడలూ అలా నిండిపోయాయి. నాలుగోది మాత్రం వట్టి చెక్కగా వదిలేసింది. దానికి ఒక కన్నం పెట్టింది. ఏం పెట్టాలని అడిగితే, "ఆ గోడకేటి ఉండీదో నాకు తెల్దు. నాను ఇటుపక్కుండీదాన్ని గదా. దాని జోలికెల్లకు" అంది.

ఆ గోడ అవతల జానెడు వరండా కట్టి, చెక్కతో చెక్కిన పిల్లను కూర్చోబెట్టింది. పంకా దారం కన్నంలోంచి వచ్చి, పిల్ల చేతిలోంచి కిందికి వేలాడేది. కొస పట్టి లాగితే లోపల పంకా ఊగేది.

నాకు ఒళ్లు మండింది. "అత్తా, వాళ్లింట్లో చేసిన బానిసపని బొమ్మకట్టి మరీ చూపించాలా? సిగ్గుగా లేదా నీకు?"

"సిగ్గేటిరా? నాను కూకున్న సోటది. నాను నేకపోతే ఆ ఇల్లు ఎవులు సూసినట్టు?"

"నవ్వుతారు."

"నవ్వనీ. ఆ అమ్మగోరి సేత దారం లాగిస్తాను. పంకా ఊగుతాది. ఎవులు లాగుతన్నారా అని ఎనక్కొచ్చి సూస్తాది. ఆరేళ్లు లాగినాను గదా, ఒక్కులూ ఎనక్కొచ్చి సూళ్లేదు."

ఆమెకు కావలసింది అదొక్కటే. నాకు చాలా స్పష్టంగా చెప్పింది. వినలేదనడానికి వీల్లేదు.

చివరి వార్నీషు కోసం బొమ్మరిల్లు మా ఇంటికి తెచ్చాను. మర్నాడు పొద్దున్న బండికి విజయనగరం వెళ్లాలి. ఆ సాయంత్రం పిల్లను ఊడబెరికాను. దారం కోశాను. వరండా పలక విరిచాను. కన్నంలో మైనం కూరి, వట్టి గోడ మీద క్యాలెండరు చూసి ఒక బొమ్మ వేశాను. చెరువు, రెండు హంసలు, చుట్టూ బంగారు రంగు చట్రం. అత్తను అవమానం నుంచి తప్పించానని అప్పుడనుకున్నాను. ఇప్పుడు నిజం చెప్పుకోవాలి. ఆ పిల్లను చూస్తే నాకే నామోషీ. పంకా లాగిన మనిషి మేనల్లుడిగా ఆ ఇంటి గుమ్మం తొక్కడం నాకిష్టం లేదు.

రైల్లో బొమ్మరిల్లు దుప్పటిలో చుట్టి నా ఒళ్లో పెట్టుకున్నాను. వార్నీషు మీద దుమ్ము పడుతుంది, విప్పొద్దని సాకు చెప్పాను. అసిరమ్మ ఉతికిన చీర కట్టుకుంది. గజపతినగరం దాటేదాకా ఒకటే మాట.

"ముందు సెప్పకూడదురా. ముందు దారం లాగమనాల. అప్పుడు సూపించాల."

పిల్ల నా చొక్కా జేబులో ఉంది. చెప్పడానికి నాలుగు స్టేషన్ల వ్యవధి ఉంది. చెప్పలేదు.

ప్లీడరు గారింట్లో కొలువు మెట్ల పక్కన పీట మీద పెట్టి దుప్పటి తీశాను. పద్మకుమారి గారు చేతులు బుగ్గలకు ఆన్చుకుంది.

"అమ్మమ్మమ్మ! తాతగారి వాలుకుర్చీ! ఆ గ్రామఫోను చూడండే పిల్లలూ!"

అసిరమ్మ గుమ్మం అవతలే నిలబడి ఉంది. "అమ్మా, ఒక్కపాలి ఎనకపక్క దారం లాగండి" అంది.

పద్మకుమారి గారు బొమ్మరింటి వెనక వంగి చూసి, "ఏ దారం? ఇక్కడేం లేదే" అంది.

అసిరమ్మ గుమ్మం దాటి వచ్చింది. గోడ వెనక వేలితో తడిమింది. విరిగిన పలక తాలూకు గరుకు తగిలి ఉంటుంది. ముందుకు వచ్చి హంసలను చూసింది. తర్వాత నన్ను చూసింది. నేను గుమ్మానికి కట్టిన మామిడాకుల కేసి చూశాను.

"ఈ హంసలు ఎంత బావున్నాయో! ఎవరు వేశారు?" అని పద్మకుమారి గారు అడిగింది.

"నా మేనల్లుడమ్మా, లక్ష్ముడు. పుస్తకాలు సదువుతాడు" అంది అసిరమ్మ.

"అలాగా! కూర్చో బాబూ" అంటూ ఆమె కుర్చీ చూపించింది.

కూర్చున్నాను. అసిరమ్మ నిలబడే ఉంది. కాఫీ నాకు అక్కడే ఇచ్చారు. ఆమెను వెనక వరండాలోకి పిలిచి ఇచ్చారు. బానిసత్వం గురించి అంత మాట్లాడినవాణ్ణి, ఆ కుర్చీలోంచి లేవలేదు. నా తలమీద ఫ్యాను తిరుగుతోంది. కాఫీ బాగుంది కూడాను.

తిరుగు బండిలో ఆమె ఉడికిన వేరుశెనక్కాయలు కొని, పెద్ద వాటా నా దోసిట్లో పోసింది. ఒక్క ప్రశ్న వేయలేదు. తిడితే బాగుండును, ఎదురు మాట్లాడడానికి నా దగ్గర చదివిందంతా సిద్ధంగా ఉంది. ఆ తర్వాత ఎనిమిది నెలలు, ఆమె ఇంటి ముందు నుంచి వెళ్లాల్సి వస్తుందని చుట్టు తిరిగి వీధిలోకి పోయేవాణ్ణి.

మరుసటి వేసవిలో విశాఖపట్నంలో సినిమా బోర్డులు రాసే పని దొరికింది. బయల్దేరే రోజు మధ్యాహ్నం కూర్మయ్య సాలకు వెళ్లాను. అసిరమ్మ పొయ్యి దగ్గర కూర్చుని మైనం కాస్తోంది. చెమటతో జాకెట్టు వీపుకు అంటుకుపోయింది. జేబులోంచి పిల్లను తీసి ఆమె ముందు పెట్టాను.

"అత్తా, ఇది..."

"తెలుసు. ఆ దినం కుర్సీలో కూకున్నప్పుడే నీ జేబు ఉబ్బుగా ఉన్నాది."

"మరి అడగలేదేం?"

"అడిగితే ఏటి సెప్తావు? ఏదో పుస్తకంలోది సెప్తావు. ఆ ఎండలో అదొకటి ఇనాలా?"

నవ్వింది. నాకు నవ్వు రాలేదు. విజయనగరం వెళ్తానని, మైనం తీసి దారం కడతానని, పిల్లను మళ్లీ అక్కడే అతికిస్తానని గబగబా చెప్పాను.

"ఒద్దు. కొలువైపోనాది. ఇప్పుడెవులు సూస్తారు?"

పిల్లను తీసుకుని కొంగుతో దాని మొహం తుడిచింది. నా అరచేతిలో పెట్టి వేళ్లు మూసింది.

"నీకాడే ఉంచు. ఆ ఊళ్లో నీకో గదుంటాది గదా. కిటికీ కాడ, కాసింత గాలి తగిలే సోట పెట్రా. దానికెవులూ ఇసర్లేదు."